‘ఇక దిగుదాం’ అన్న గైడ్‌కు అండ ఎవరు?

కిలిమంజారో ఎక్కివచ్చిన తెలుగు పిల్లల ఫొటోలు జిల్లా పేజీల్లో తరచూ కనబడుతున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో పూలదండలు, చేతిలో జాతీయ జెండా, పక్కన స్పాన్సర్ బ్యానరు, మర్నాడు కలెక్టరుతోనో ఎమ్మెల్యేతోనో సన్మానం. వార్తలో వయసు ఉంటుంది, ఊరుంటుంది, చదివే బడి ఉంటుంది, శిఖరం ఎత్తు 5,895 మీటర్లని ఉంటుంది. అర్ధరాత్రి గడ్డకట్టే చలిలో ముందు నడిచి దారి చూపిన టాంజానియా గైడ్ పేరు ఉండదు. గుడారాలు, గ్యాస్ సిలిండర్, బియ్యం, కూరగాయలు నెత్తిన పెట్టుకుని మోసినవారి ఊసైతే అసలే ఉండదు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఇలాంటివి చూసే అని ఉంటారు.

పేర్లు వేయకపోవడం మర్యాద లోపం. అంతవరకే అయితే సంపాదకుడికి ఒక ఉత్తరం రాసి ఊరుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఎత్తయిన కొండ మీద గైడ్ చేసే పనుల్లో అన్నిటికంటే విలువైనది ‘ఇక దిగుదాం’ అనడం. ఆ మాట అనే ధైర్యం ఆయనకు ఉండాలంటే కూలి సరిగా ముట్టాలి, యాత్రకు చాలినన్ని రోజులుండాలి, శిఖరం అందకుండా తిరిగొచ్చినవారిని ఊళ్లో ఎవరూ చిన్నచూపు చూడకూడదు. ఇవన్నీ మనం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అడ్వాన్స్ కట్టిన రోజే సగం తేలిపోతున్నాయి.

కిలిమంజారో మోసపుచ్చే కొండ. ఎవరెస్ట్‌కు కావలసిన తాళ్లు, నిచ్చెనలు, ఐస్ గొడ్డళ్లు దీనికి అక్కర్లేదు. కాళ్లలో సత్తువ ఉంటే నడిచి ఎక్కవచ్చు. అందుకే ఏటా పదుల వేల మంది వస్తారు. దట్టమైన వానచెట్ల అడవిలో మొదలైన దారి, పొదలు దాటి, రాతి ఎడారి దాటి, మంచుగడ్డల పక్కన ముగుస్తుంది. గైడ్ లేకుండా ఎక్కడానికి 1991 నుంచి అనుమతి లేదు. దారి తప్పుతారన్న భయం ఒక్కటే అందుకు కారణం కాదు. దారి చూస్తే చాలాచోట్ల బాగానే తెలుస్తుంది. తెలియనిది మన ఒంట్లో ఏం జరుగుతోందన్నదే.

శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో సగమే. అంటే ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ కూడా సగమే. ఒళ్లు దానికి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడంతో మొదలయ్యేది ముదిరితే మెదడు వాస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ రెండింటిలో ఏది వచ్చినా తిరుగులేని వైద్యం ఒక్కటే, వెంటనే కిందికి దింపడం. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర వేసుకున్నాం కదా అన్న ధీమా పనికిరాదు. కండబలం ఉన్న కుర్రాళ్లు బాధ పైకి చెప్పకుండా వేగంగా నడిచి, నడివయసు వాళ్లకంటే ముందే పడిపోతుంటారు కూడా. పర్వత వైద్యులు చెప్పే లెక్క ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ పడుకునే చోటు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి.

దీన్ని కిలిమంజారో దారుల మీద పెట్టి చూడండి. మరంగు దారిలో ఐదు రోజుల యాత్ర అమ్ముతారు. మొదటి రాత్రి మందార గుడిసెల దగ్గర సుమారు 2,700 మీటర్లు, రెండో రాత్రి హొరొంబో దగ్గర 3,700, మూడో రాత్రి కిబో దగ్గర 4,700. రోజుకు వెయ్యి మీటర్లు, అంటే చెప్పినదానికి రెట్టింపు. ఆ మూడో రాత్రీ పూర్తిగా పడుకోరు. అర్ధరాత్రికి లేపి ఇంకో 1,200 మీటర్లు ఎక్కిస్తారు. మచామే దారిలో ఏడు రోజులు తీసుకుంటే కథ వేరు. 4,600 మీటర్ల పైన ఉన్న లావా టవర్ దాకా ఎక్కించి, అదే సాయంత్రం 4,000 మీటర్ల లోపున్న బరాంకో శిబిరానికి దింపి పడుకోబెడతారు. మర్నాడు కూడా దాదాపు అంతే ఎత్తులో కరంగా దగ్గర రాత్రి. ఆ తర్వాతే 4,673 మీటర్ల బరాఫు శిబిరం. ఒకే కొండ, ఒకే శిఖరం. తేడా రెండు రోజులు, వాటికయ్యే ఖర్చు.

ఆ ఖర్చు చిన్నది కాదు. చాలాకాలంగా నడుస్తున్న ధరల ప్రకారం విదేశీయులకు పార్కు రుసుము రోజుకు 70 డాలర్లు, గుడారంలో బసకు రాత్రికి 50, రక్షణ రుసుము యాత్ర మొత్తానికి 20. ఆపైన 18 శాతం పన్ను. ఏడు రోజులకు ఇదంతా కలిపితే 950 డాలర్లు దాటుతుంది. ఒక్క రోజు తగ్గిస్తే 140 డాలర్లు మిగులుతాయి. ఈ సొమ్ము ప్రభుత్వానిది, బేరమాడటానికి లేదు. ఎవరైనా 1,500 డాలర్లకే ఏడు రోజుల్లో శిఖరం చూపిస్తామన్నారంటే, మిగిలిన ఐదొందల చిల్లరలోనే తిండి, గ్యాస్, గేటు దాకా జీపు, హోటల్, అక్కడి ఆఫీసు, ఇక్కడి ఏజెంట్ కమీషన్ అన్నీ సర్దాలి. గైడ్, వంటవాడు, మోసేవాళ్ల కూలీ కూడా అందులోంచే రావాలి. దేన్ని తగ్గించగలరు? జీపువాడు ఊరుకోడు. హోటల్ ఊరుకోదు. రోజులు తగ్గిస్తారు, లేదా కూలి తగ్గిస్తారు. చవక ప్యాకేజీలో మన ఊపిరితిత్తులకూ అక్కడి కూలీల కడుపుకూ కోత పడేది ఒకే చోట. ఈ సంగతి తెలిస్తే, పోర్టర్ల గురించి మాట్లాడటం దానధర్మాల మాటగా ఎవరికీ అనిపించదు.

ఒక్కో యాత్రికుడి వెనక ముగ్గురు నలుగురు ఉంటారు. పదిమంది బృందమంటే వాళ్ల వెంట ముప్పై నలభై మంది. మచామే గేటు దగ్గర ఉదయం పూట నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. మోసేవాళ్లు వరసలో నిలబడి ఒక్కొక్కరే తమ మూటను తూకానికి తగిలిస్తారు. 20 కిలోలు దాటకూడదన్నది నిబంధన. దాటితే దింపి, కొంత సరుకు తీసి, మళ్లీ తూస్తారు. తూకం అయ్యాక మూట నెత్తికో మెడ మీదికో ఎక్కుతుంది, వీపున ఇంకో సంచీ ఉంటుంది. యాత్రికులు చేతికర్రలు సరిచేసుకుంటూ, ఫొటోలు దిగుతూ బయలుదేరేసరికి వీళ్లు చెట్ల మలుపులో మాయమవుతారు. రోజూ ఇదే వరస. యాత్రికులు లేచి వెళ్లాక గుడారాలు విప్పి, సర్ది, మూట కట్టి, దారిలో వాళ్లను దాటి, వాళ్లు చేరేసరికి అదే ఊరు మళ్లీ కట్టి ఉంచుతారు. వేడినీళ్ల బేసిను, పాప్‌కార్న్, టీ సిద్ధంగా ఉంటాయి. మోకాళ్లు పట్టుకుని వచ్చి కూర్చున్నవాడికి ఇదంతా కొండ మీద మొలిచినట్టే అనిపిస్తుంది.

ఆ తూకం వెనుకా కిటుకులున్నాయి. పదిహేను మంది మోయాల్సిన సరుకును పన్నెండు మందికి ఎక్కించాలంటే గేటు దాటాక పంచితే సరి. రాత్రి యాత్రికులు భోజనం ముగించి వెళ్లాక అదే భోజనాల గుడారంలో కూలీలు కింద పడుకునే కంపెనీలు ఉన్నాయి. రోజుకు ఒక్కపూట పిండిముద్దతో సరిపెట్టేవీ ఉన్నాయి. రోజుకు 20 వేల టాంజానియా షిల్లింగులు, అంటే ఎనిమిది తొమ్మిది డాలర్లు, చాలాకాలం కనీస కూలి కొలతగా నడిచింది. అది కూడా చేతికి రాక, ‘టిప్పులు వస్తాయిలే’ అన్న మాట మీద కొండెక్కేవాళ్లు ఎందరో. ఊళ్లో పని లేదు, కాఫీ తోటల మీద బతకలేరు, గేటు బయట పేరు పిలుస్తారేమోనని చూస్తూ నిలబడతారు. ఈ వ్యవస్థ మనకు కొత్తది కాదు. పాలమూరు నుంచి వలస వెళ్లిన కూలీకి, కాంట్రాక్టర్‌కు మధ్య మేస్త్రీ ఎలా ఉండేవాడో కిలిమంజారోలో కంపెనీ ఆఫీసుకూ కూలీకీ మధ్య హెడ్ గైడ్ కొన్నిచోట్ల అలా ఉంటాడు. పనికి పిలిచేదీ అతనే, టిప్పుల కవరు అందుకునేదీ అతనే. కవర్లో ఎంతుందో మోసినవాడికి తెలియదు.

దీన్ని దారిలో పెట్టడానికి 2003లో కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అనే సంస్థ మొదలైంది. చలి దుస్తులు లేని కూలీలకు ఉచితంగా అరువిస్తుంది. తనతో ఒప్పందం ఉన్న కంపెనీల యాత్రలపై కన్నేసి ఉంచుతుంది. కూలి ఎంతిచ్చారు, ఎన్నిపూటలు పెట్టారు, ఎక్కడ పడుకోబెట్టారు, టిప్పులు అందరి ముందూ పంచారా అని మోసినవాళ్లనే అడిగి రాసుకుంటుంది. లెక్క సరిగా ఉన్న కంపెనీల జాబితాను అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మంచి పనే. కాకపోతే చేరడం కంపెనీల ఇష్టం. ఇష్టం లేనివాళ్లే చవకగా అమ్ముతారు.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. మన రోబో సినిమాలో కిలిమాంజారో పాట గుర్తుందా? అది తీసింది ఆఫ్రికాలో కాదు, పెరూలోని మచుపిచులో. ఆ మచుపిచుకు నడిచి వెళ్లే ఇంకా దారిలో కూడా ఇలాగే కూలీల వెతలు ఉండేవి. పెరూ 2001లో మోసేవారి కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. మోత 20 కిలోలకు మించకూడదు, రోజు కూలికి కనీస హద్దు, జీవిత బీమా ఉండాలి అన్నది. దారిలోకి రోజుకు 500 మందినే అనుమతిస్తారు, ఆ 500లో కూలీలూ గైడ్లూ కూడా లెక్కే. చట్టం అమలు సరిగా జరగలేదని కూలీలు ఏళ్ల తరబడి పోరాడితే 2022లో కొత్త చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడవని పెరూ అనుభవమే చెబుతోంది. కానీ కూలి ఎగ్గొట్టినవాడిని నిలదీయడానికి చేతిలో ఒక కాగితం ఉండటం, కంపెనీ మంచితనాన్ని నమ్ముకోవడం ఒకటి కాదు.

శిఖరానికి చేర్చినవారి పేర్లు రాసిపెట్టకపోవడం ఇప్పటి జబ్బు కాదు. కిలిమంజారో శిఖరాన్ని మొదట చేరినవారిగా పుస్తకాల్లో ఉన్నది జర్మనీకి చెందిన హాన్స్ మేయర్, ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ పుర్ట్‌షెలర్. తేదీ 1889 అక్టోబర్ 6. మేయర్ అంతకుముందు 1887లో వచ్చి మంచు గోడల దగ్గర ఆగిపోయాడు. 1889లో గెలవడానికి ఒక పెద్ద కారణం, మరంగు నుంచి కూలీలు పైశిబిరాలకు తాజా తిండి చేరవేస్తూ ఉండటం. అందువల్ల ఒకసారి కుదరకపోతే దిగి, మళ్లీ ప్రయత్నించగలిగాడు. ఆ కూలీల్లో ఎందరి పేర్లు మిగిలాయి? యాత్ర శతాబ్ది 1989లో జరిగినప్పుడు, నూరేళ్లు దాటిన వృద్ధుడిగా చెప్పుకునే మరంగు చగ్గా తెగకు చెందిన యొహాని కిన్యాలా లావోను నాటి గైడ్‌గా సత్కరించారు. ఆయన 1996లో చనిపోయారు. నిజంగా ఆయన మేయర్ వెంట ఉన్నారా లేదా అని చరిత్రకారులు ఇంకా తగువులాడుతూనే ఉన్నారు. శిఖరం మీద మేయర్ ఏరుకున్న రాయి మాత్రం భద్రంగా జర్మన్ చక్రవర్తికి చేరింది. శిఖరానికి ఆ చక్రవర్తి పేరే పెట్టారు. 1961లో టాంగన్యికాకు స్వాతంత్ర్యం వచ్చాకే అది ఉహురు అయింది.

మనవాళ్ల ఘనతలను తగ్గించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన తండా నుంచి వచ్చిన మలావత్ పూర్ణ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు తెలుగునేల పొంగిపోయింది. పొంగిపోవాల్సిందే. గురుకుల బడి పిల్లలకు అంతకుముందు లేని ఆశ అది. అయితే ఆ ఏడాది కొండ మీద జరిగిన ఇంకో సంగతి మన పత్రికల్లో అంతగా నిలవలేదు. పూర్ణ టిబెట్ వైపు నుంచి ఎక్కడానికి ఐదు వారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు మంచుప్రవాహంలో మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. అంతా నేపాలీ పనివాళ్లే. యాత్రికుల కోసం దారి వేస్తూ, సామాను మోస్తూ ఉన్నవాళ్లు. నేపాల్ ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆ సీజన్‌కు పని మానేశారు. ‘ఈసారి ఎక్కం’ అని కలిసికట్టుగా చెప్పగలిగారు. విడివిడిగా ఒక్కో గైడ్ ఒక్కో యాత్రికుడితో ఆ మాట చెప్పడం అంత తేలిక కాదు.

గైడ్ లేకుండా ఒంటరిగా వెళ్లేవారి దారి వేరు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. ఒంటరిగా ఎక్కడం ఆయన ఎంచుకున్న పద్ధతి. 2015లో ఆండీస్‌లో, చిలీ, అర్జెంటీనా సరిహద్దున ప్రాణాలు కోల్పోయారు. ఆయన స్థాయి నైపుణ్యం ఉన్నవాడే ఒంటరిగా వెళ్లి రాలేకపోయాడంటే, జిమ్‌లో మూడు నెలలు పరుగెత్తి బయలుదేరే మనలాంటివాళ్లు పక్కనున్న మనిషి మాట ఎంత వినాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మనిషి రాత్రి ఏం చేస్తాడో చూద్దాం. బరాఫు నుంచి బయలుదేరిన వరసలో అందరి తలలకూ దీపాలు, మైనస్ పదికి దిగిన చలి, సీసాలో నీళ్లు గడ్డకడుతుంటాయి. గైడ్ ముందు నడుస్తాడు. అడుగు మీద అడుగు, విసుగొచ్చేంత నెమ్మదిగా. సహాయ గైడ్ చివర్లో ఉంటాడు. అతని చూపు శిఖరం మీద ఉండదు, మన పాదాల మీద ఉంటుంది. నడక తూలుతోందా? చేతికర్ర పక్కకు పడుతోందా? పేరు అడుగుతాడు, నిన్న రాత్రి ఏం తిన్నావని అడుగుతాడు. సరదా కోసం కాదు, జవాబు తడబడుతుందేమోనని. వేలికి ఆక్సీమీటర్ పెడతాడు. అనుమానం వస్తే గీత గీసి మడమకు బొటనవేలు ఆనించి నడవమంటాడు. నడవలేకపోతే మెదడు మీద ఒత్తిడి మొదలైందని అర్థం. అప్పుడిక మాటల్లేవు. శిఖరం రెండు గంటల దూరంలో ఉన్నా తిరగాల్సిందే. మరీ విషమిస్తే ఒంటి చక్రపు స్ట్రెచర్ మీద కట్టి, నలుగురైదుగురు దానితోపాటు పరుగెడుతూ దింపుతారు.

యాత్రికుడి మనసులో మాత్రం ఆ క్షణాన ఇంకో లెక్క నడుస్తుంటుంది. చందాలు వసూలు చేసి పంపారు. జేబులో స్పాన్సర్ జెండా ఉంది. వయసు రికార్డు ఈ తెల్లవారితోనే దక్కాలి. తిరిగి వెళితే ఫ్లెక్సీ లేదు, నగదు బహుమతి లేదు. పదేళ్ల లోపు పిల్లలను ఈ కొండ శిఖరానికి మామూలుగా అనుమతించరు. అయినా 2018లో ఏడేళ్ల హైదరాబాద్ బాలుడు శిఖరం చేరాడు, మనమంతా మెచ్చుకున్నాం. నాకు మాత్రం అలాంటి వార్త చదివినప్పుడల్లా భయమే వేస్తుంది. తలనొప్పి ఎలా ఉందో చెప్పడం సరిగా రాని వయసు అది. వయసు తగ్గినకొద్దీ వార్త పెద్దదవుతుంటే, ఇంకా చిన్నవాళ్లను పంపడానికి పోటీ పడే తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. ఆ పోటీ పెట్టింది మనమే.

గైడ్ లెక్క కూడా ఉంది. యాత్రికుడు శిఖరం చేరితే టిప్పు బాగా ముడుతుంది, దారిలో తిప్పితే ముఖం మాడ్చుకుంటాడు, కంపెనీకి ఫిర్యాదు చేస్తాడు, రేటింగ్ తగ్గిస్తాడు. జీతం తక్కువై టిప్పే ఆధారమైనవాడు ఆ తూకంలో ఎటు మొగ్గుతాడు? గైడ్లంతా ధర్మాత్ములని నేను అనను. వాళ్లలోనూ డబ్బు కోసం లాక్కెళ్లేవాళ్లు ఉన్నారు, కవరు నొక్కేసేవాళ్లు ఉన్నారు. అందుకే మంచితనం మీద ఆశ పెట్టుకోవడం కంటే, తిప్పినా నష్టపోని ఏర్పాటు చేయడం మేలు.

‘మనం వెళ్లకపోతే వాళ్లకు ఆ కూలీ కూడా ఉండదు కదా’ అని ఒక వాదన వస్తుంది. నిజమే. కొండ చుట్టూ ఊళ్లకు అదే పెద్ద ఆదాయం. వెళ్లవద్దని ఎవరూ అనడం లేదు. వెళ్లేవాడి జేబులోంచి ఇంకో మూడొందల డాలర్లు కదిలితే ఆ ఊళ్లకూ, వెళ్లేవాడి ప్రాణానికీ ఏకకాలంలో మేలు జరుగుతుందన్నదే లెక్క. విమానం టికెట్, వీసా, కొత్త బూట్లు, డౌన్ జాకెట్ కొన్నప్పుడు బేరమాడనివాడు ఇక్కడే ఎందుకు ఆడాలి?

తిప్పినా గైడ్ నష్టపోని ఏర్పాటు చేయడం తెలుగు రాష్ట్రాల్లో పెద్ద పనేమీ కాదు. పిల్లలను కొండలకు పంపే గురుకుల సంస్థలు, క్రీడా శాఖలు, డబ్బిచ్చే కంపెనీలు తమ మంజూరు పత్రంలో నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు. కిలిమంజారోకు ఏడు రోజుల కంటే తక్కువ యాత్రకు డబ్బు ఇవ్వం. మోసేవారి కూలి, బీమా, భోజనాల వివరాలు రాసివ్వని కంపెనీతో ఒప్పందం లేదు. గైడ్ తిప్పితే తిరిగొచ్చిన పిల్లకూ శిఖరం చేరిన పిల్లకూ ఒకే ప్రోత్సాహకం. టిప్పుల సొమ్ము ముందే బడ్జెట్‌లో పెట్టాలి, శిఖరం ముట్టినా ముట్టకపోయినా అదే మొత్తం. మూడో షరతు చదివి నవ్వేవాళ్లు ఉంటారు. ఎక్కనివాళ్లకు డబ్బులేమిటని. మెదడు వాచిన పిల్లను మూటకట్టి దింపాక జరిగే విచారణ కంటే అది చవక.

పత్రికల వంతు ఇంకా తేలిక. కిలిమంజారో ధ్రువపత్రం మీద గైడ్ సంతకం ఉంటుంది. అది ఉంటేనే పత్రం చెల్లుతుంది. విలేకరికి వాట్సాప్‌లో వచ్చే ఫొటోల్లో ఆ పత్రమూ తప్పక ఉంటుంది. పేరు రాసుకుని వార్తలో ఒక వాక్యం వేస్తే సరిపోతుంది.

సొంత డబ్బుతో వెళ్లేవారు ఏజెంట్‌ను అడ్వాన్స్‌కు ముందే కొన్ని ప్రశ్నలు అడగాలి. నాతో ఎంతమంది వస్తారు, ఒక్కొక్కరికి రోజుకు ఎంత, వాళ్లు ఎక్కడ పడుకుంటారు, పోర్టర్స్ ప్రాజెక్ట్ జాబితాలో మీ టాంజానియా కంపెనీ ఉందా. ‘అవన్నీ వాళ్లు చూసుకుంటారు సార్’ అన్న జవాబు వస్తే ఇంకో ఏజెంట్‌ను చూసుకోవడం మంచిది. చివరి రోజు ఉదయం, మచామే దారిన వెళ్లినవారు దిగేటప్పుడు ఆగే ఎంవెకా శిబిరంలో, గేటుకు దిగకముందే, అందరినీ వరసగా నిలబెట్టి ఎవరికెంతో పైకి చదివి, చిరగని నోట్లు ఎవరి చేతికి వాళ్లకు ఇవ్వాలి. హెడ్ గైడ్ నొచ్చుకోవచ్చు. నొచ్చుకోనివ్వండి.